ప్రింట్ బటన్ పెట్టాక కాగితం మీద పేజీని చక్కబెట్టిన తీరు

వెబ్ పేజీలో ప్రింట్ బటన్ పెట్టడానికి జావాస్క్రిప్ట్‌లో ఒక్క లైను చాలు. బటన్ నొక్కినప్పుడు విండో.ప్రింట్ ఫంక్షన్‌ని పిలిస్తే బ్రౌజర్ తన ప్రింట్ డైలాగ్ తెరుస్తుంది. నా బటన్ ఒక ఫారం లోపల ఉండడంతో డైలాగ్‌తో పాటు ఫారం కూడా సబ్మిట్ అయ్యేది. ఫారంలోని బటన్‌కి టైప్ చెప్పకపోతే బ్రౌజర్ దాన్ని సబ్మిట్ బటన్‌గానే తీసుకుంటుంది. టైప్ దగ్గర 'బటన్' అని రాయగానే ఆ గొడవ పోయింది.

అసలు పని కాగితం దగ్గర మొదలైంది. మెనూ, పక్క కాలమ్, చివరికి ప్రింట్ బటన్ కూడా అచ్చవుతున్నాయి. బటన్ నొక్కగానే వాటిని స్క్రిప్ట్‌తో దాచి, తర్వాత మళ్లీ చూపించే పద్ధతి ఒకటుంది. నాకది నచ్చదు. ఎవరైనా బటన్ జోలికి పోకుండా కంట్రోల్ పీ నొక్కితే ఆ కోడ్ నడవదు కదా! అందుకే పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో, అచ్చుకు మాత్రమే వర్తించే మీడియా ప్రింట్ బ్లాక్ రాసి, అక్కరలేనివి కనిపించకుండా వాటికి డిస్‌ప్లే నన్ ఇచ్చాను. ఎలా ప్రింట్ చేసినా ఇది పనిచేస్తుంది. టేబుల్ వరుసలు పేజీ చివర సగానికి తెగకుండా బ్రేక్-ఇన్‌సైడ్‌కి అవాయిడ్ పెట్టాను.

స్క్రిప్ట్ మళ్లీ అవసరమైంది ఒక్కచోటే. నొక్కితే తెరుచుకునే డీటెయిల్స్ భాగాలు మూసి ఉంటే వాటిలోని విషయం అచ్చులో రాదు. అచ్చుకు ముందు బ్రౌజర్ పంపే బిఫోర్‌ప్రింట్ ఈవెంట్‌లో వాటిని తెరిచి, తర్వాత వచ్చే ఆఫ్టర్‌ప్రింట్‌లో మూశాను. ముందు ఏవి మూసి ఉన్నాయో గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే చదివేవాళ్లు తెరుచుకున్నవి కూడా మూసుకుపోతాయి. ఇదంతా సరిచూడటానికి కాగితాలు ఖర్చు చేయనక్కర్లేదు. క్రోమ్ బ్రౌజర్‌లో డెవలపర్ల కోసం ఉండే డెవ్‌టూల్స్‌లో రెండరింగ్ ట్యాబ్‌కి వెళ్లి మీడియాని ప్రింట్‌కి మారిస్తే సీఎస్ఎస్ మార్పులు తెర మీదే కనిపిస్తాయి.