రీసైక్లింగ్ బండికి ఇచ్చే చెత్తను ఎలా వేరు చేయాలి?

రీసైక్లింగ్ డబ్బాలో ఏం వేయాలన్నదాని కంటే ఏం వేయకూడదన్నదే ఎక్కువ తికమక పెడుతుంది. అనుమానం వచ్చిన ప్రతి వస్తువునీ "పోనీలే, వాళ్లే చూసుకుంటారు" అని పడేయడం చాలామందికి అలవాటు. వాళ్లు చూసుకోలేరు. బండి ఎత్తుకెళ్లిన సరుకు వేగంగా కదిలే బెల్టు మీద పోతుంటే, ఇనుమును అయస్కాంతం లాగేస్తుంది, ప్లాస్టిక్ ఏ రకమో సెన్సర్లు పరారుణ కాంతితో పసిగడతాయి. ఆ యంత్రాల కంట పడేలా ఇస్తేనే మన శ్రమకు ఫలితం.

1. ముందు మీ దగ్గర అమల్లో ఉన్న పద్ధతి కనుక్కోండి. అన్నీ ఒకే డబ్బాలో వేయమంటారా, విడివిడిగా ఇవ్వాలా? గాజు తీసుకుంటారా? ఊరికో రూలు ఉంటుంది. వాళ్లిచ్చే జాబితాను డబ్బా దగ్గరే గోడకు అంటించండి.

2. కాగితం పొడిగా ఉండాలి. అట్టపెట్టెలను విప్పి చదును చేయండి. నూనె ఇంకిన భాగాన్ని చింపి మామూలు చెత్తలో వేసి, శుభ్రంగా ఉన్నది మాత్రం ఇవ్వండి. మెరిసే కాగితం మీద అనుమానం ఉంటే పిడికిట్లో నలిపి వదలండి. ఉండలా ఉండిపోతే కాగితమే. మళ్లీ విచ్చుకుంటే దానికి ప్లాస్టిక్ పొర ఉన్నట్టే, పక్కన పెట్టండి. టిష్యూలు, మెషీన్ నుంచి వచ్చే నున్నటి బిల్లులు కూడా వద్దు. కాగితాన్ని రీసైకిల్ చేసిన కొద్దీ పీచు పొట్టిదవుతుంది. టిష్యూలో మిగిలేది మరీ పొట్టి పీచు. బిల్లు కాగితానికేమో వేడికి నల్లబడే రసాయనం పూస్తారు.

3. ప్లాస్టిక్ దగ్గర కాస్త ఓపిక పట్టాలి. సీసా అడుగున త్రికోణంలో 1 నుంచి 7 దాకా ఏదో ఒక అంకె కనిపిస్తుంది. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చిన ఈ అంకె అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది, అంతే. రీసైకిల్ అవుతుందని హామీ కాదు. నీళ్ల సీసాల్లాంటి 1, షాంపూ డబ్బాల్లాంటి 2 దాదాపు అన్నిచోట్లా చెల్లుతాయి. 5 కొన్నిచోట్ల తీసుకుంటారు. 3, 6 అంకెలవాటికి గిరాకీ తక్కువ. నల్ల ప్లాస్టిక్‌లోని కార్బన్ రంగు పరారుణ కాంతిని మింగేస్తుంది కాబట్టి చాలా సెన్సర్లకు అది కనిపించనే కనిపించదు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది పల్చటి ప్లాస్టిక్ సంచి. అది యంత్రాల ఇరుసులకు చుట్టుకుపోతే పని ఆపేసి, మనుషులు లోపలికి దిగి కత్తులతో కోసి తీయాలి. కాబట్టి సరుకంతా సంచిలో మూటకట్టి ఇవ్వకండి, విడిగానే డబ్బాలో వేయండి.

4. లోహం, గాజు. అల్యూమినియం క్యాన్లను తప్పకుండా ఇవ్వండి. ఖనిజం నుంచి కొత్తగా తీయడంతో పోలిస్తే వాటిని కరిగించి వాడితే దాదాపు 95 శాతం శక్తి ఆదా. అన్నీ ఒకే డబ్బాలో వేసే పద్ధతైతే క్యాన్లను తొక్కి పలచన చేయకండి, యంత్రం వాటిని కాగితమనుకుని అటు తోసేస్తుంది. గాజులో సీసాలు, జాడీలే. వేడిని తట్టుకునే గాజు పాత్రలు కరిగే ఉష్ణోగ్రత వేరు. ఒక్క ముక్క కలిసినా కరగకుండా మిగిలి కొత్త సీసాలో లోపంగా తేలుతుంది.

5. కడగడం. తళతళలాడేలా తోమక్కర్లేదు. గిన్నెలు కడిగాక మిగిలిన నీళ్లు కాసిని పోసి, మూతపెట్టి గిలకొట్టి పారబోస్తే చాలు. లేబుల్ పీకే పని కూడా లేదు. మూతలు విడిగా వేస్తే జల్లెడ కంతల్లోంచి జారిపోతాయి కాబట్టి, మీ దగ్గర వద్దనకపోతే సీసాకే బిగించండి.

6. బ్యాటరీలు ఈ డబ్బాలోకి అసలు రాకూడదు. బండిలో సరుకును నొక్కినప్పుడు లిథియం బ్యాటరీ చితికిందంటే నిప్పంటుకుంటుంది, చుట్టూ ఉన్నది ఎండు కాగితం. పాత ఫోన్లు, బొమ్మలు, ట్రిమ్మర్లు, పాటలు పాడే గ్రీటింగ్ కార్డుల్లో సైతం బ్యాటరీ ఉంటుంది. వీటిని ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే కేంద్రానికే ఇవ్వండి. ఇచ్చేముందు బ్యాటరీ కొసలకు టేపు అంటించండి.

బండి వచ్చేరోజు డబ్బా మూత పూర్తిగా పడేలా చూడండి. వానకు తడిసిన కాగితాన్ని చాలాచోట్ల వెనక్కి నెట్టేస్తారు.