లినక్స్‌లో డ్రైవర్లు, 4వ పాఠం: పరికరాన్ని మన చేత్తో డ్రైవర్‌కి అప్పగించడం

గత పాఠంలో ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌తో పరికరాల నంబర్లు చదవడం నేర్చుకున్నాం. ఈసారి వాటితో పని చేయిద్దాం.

కోఠి గుజరాతీ గల్లీలోనో సికింద్రాబాద్ సీటీసీలోనో యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ కొన్నారనుకోండి. లోపల ఉన్నది ఎఫ్‌టీడీఐ చిప్పే, కానీ గుచ్చితే సీరియల్ పోర్టు కనిపించదు. వెంటనే కేబుల్ పాడైందని టెన్షన్ పడొద్దు. ప్రతి డ్రైవర్‌లోనూ తనకు తెలిసిన పరికరాల జాబితా ఉంటుంది. ఎఫ్‌టీడీఐ కంపెనీ నంబర్ 0403, బాగా వాడే చిప్ నంబర్ 6001. కేబుల్ తయారుచేసినవాళ్లు రెండో నంబర్ మార్చేస్తే అది జాబితాలో దొరక్కపోవచ్చు. అప్పుడు డ్రైవర్ ఆ కేబుల్ జోలికే రాదు.

ఆ నంబర్‌ని మనమే చేర్చవచ్చు. ముందు మాడ్‌ప్రోబ్ కమాండ్‌తో ఎఫ్‌టీడీఐ చిప్‌ల డ్రైవర్ అయిన ఎఫ్‌టీడీఐ_ఎస్ఐఓని లోడ్ చేయండి. తర్వాత /సిస్/బస్/యూఎస్‌బీ-సీరియల్/డ్రైవర్స్ లోపల ఆ డ్రైవర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో న్యూ_ఐడీ అనే ఫైల్‌లోకి మీ కేబుల్ రెండు నంబర్లూ మధ్యలో ఖాళీ వదిలి రాయండి (టెర్మినల్‌లో ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి). కేబుల్‌ని వేరే డ్రైవర్ పట్టుకుని లేకపోతే అప్పటికప్పుడే పోర్టు వస్తుంది. వచ్చిందో లేదో కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండ్‌లో చూడండి.

చాలామంది ఆగిపోయేది రాసే దగ్గరే. రాసినదాన్ని బయటికి పంపే ఎకో కమాండ్ ముందు, అడ్మిన్ అధికారం ఇచ్చే సుడో పెట్టి, బాణం గుర్తుతో ఫైల్‌లోకి పంపితే పర్మిషన్ లేదంటుంది. సుడో అధికారం ఎకోకే దక్కుతుంది, ఫైల్ తెరిచేది మాత్రం మామూలు యూజర్ షెల్. అందుకే ఎకో ఇచ్చినదాన్ని పైప్ గుర్తు (|) తో సుడో టీ కమాండ్‌కి అందించండి, అప్పుడు ఫైల్‌లో రాసేది సుడో అధికారమున్న టీ.

ఒక హెచ్చరిక. నంబర్ చేర్చినంత మాత్రాన డ్రైవర్‌కి కొత్త చిప్ భాష రాదు. లోపలి చిప్ ఏదో తెలిసినప్పుడే ఈ పని చేయండి.

పరికరాన్ని డ్రైవర్ నుంచి విడిపించాలంటే /సిస్/బస్/యూఎస్‌బీ/డ్రైవర్స్ లోపల ఆ డ్రైవర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో (ఇందాకటి యూఎస్‌బీ-సీరియల్ దారిలో కాదు) అన్‌బైండ్ ఫైల్ ఉంటుంది, తిరిగి కలపడానికి బైండ్. ఈ రెండూ 2005లో 2.6.13 కెర్నల్‌తో వచ్చాయి. అంతకుముందు మాడ్యూల్ మొత్తం తీసేయాల్సి వచ్చేది, దాంతో అదే డ్రైవర్ మీద నడిచే మిగతా పరికరాలూ ఆగిపోయేవి. బైండ్, అన్‌బైండ్ ఫైళ్లలో నంబర్లు కాదు, పరికరం చిరునామా రాయాలి. ఉదాహరణకు 1-2:1.0 అంటే ఒకటో బస్, రెండో పోర్టు, ఒకటో కాన్ఫిగరేషన్, సున్నా ఇంటర్‌ఫేస్. ఎఫ్‌టీడీఐ లాంటి డ్రైవర్లు పట్టుకునేది మొత్తం పరికరాన్ని కాదు, ఇంటర్‌ఫేస్‌ని. ఉత్త 1-2 అని రాస్తే పని జరగదు.

అభ్యాసం: /సిస్/బస్/యూఎస్‌బీ/డ్రైవర్స్/యూఎస్‌బీహెచ్ఐడీ ఫోల్డర్‌లో మీ మౌస్ చిరునామా వెతికి, అన్‌బైండ్ చేసి, మళ్లీ బైండ్ చేయండి. వైర్‌లెస్ సెట్‌లో కీబోర్డ్, మౌస్ ఒకే రిసీవర్ మీద ఉంటాయి కాబట్టి ఏ ఇంటర్‌ఫేస్ దేనిదో ముందే చూసుకోండి. డిస్క్ డ్రైవర్ల జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు.

రీబూట్ చేస్తే ఈ మార్పులన్నీ పోతాయి. వాటిని నిలబెట్టే యూడెవ్ (పరికరాలు గుచ్చినప్పుడు ఏం చేయాలో చూసుకునే ప్రోగ్రామ్) రూల్ 5వ పాఠంలో రాద్దాం.