బోరు మోటారు గాలి కొడుతుంటే నేను చేసింది

మా ఇంటి బోర్లో 1.5 హెచ్‌పి సబ్‌మెర్సిబుల్ (నీళ్లలో మునిగి ఉండే మోటారు), ఎండాకాలం వస్తే చాలు పది నిమిషాలు నీళ్లు బాగా పోసి తర్వాత బుస్సు బుస్సుమని గాలి, ప్యానెల్లో ఆంప్స్ (మోటారు లాగే కరెంటు) 9 నుంచి 5కి పడిపోయేవి. కెపాసిటర్ మార్చాం, ఇంకో పైపు దించాం, పెద్ద మోటారు పెట్టమన్నారు (అది పెడితే బోరు ఇంకా త్వరగా ఖాళీ అయ్యేది!), ఏదీ పనిచేయలా.

అసలు సంగతి ఏంటంటే బోర్లో ఊరే నీళ్లకన్నా మోటారు లాగేదే ఎక్కువ. అందుకే బోరు మూత పక్కన డెలివరీ పైపుకి గేట్ వాల్వ్ వేయించా. ముందు ఫుల్‌గా తెరిచి 20 లీటర్ల బకెట్ పెడితే 15 సెకన్లలో నిండింది. తర్వాత మోటారు నడుస్తుండగానే వాల్వ్ కొంచెం కొంచెం మూస్తూ, ప్రతిసారీ పావుగంట ఆగి ఆంప్స్ చూస్తూ, బకెట్‌కి 30 సెకన్లు పట్టే దగ్గర ఆపా. ఇప్పుడు గంటన్నర నడిపినా గాలి రావట్లా, ట్యాంకు కాస్త ఆలస్యంగా నిండినా నిండుతోంది.

వాల్వ్ పూర్తిగా మాత్రం మూయొద్దు, నీళ్లు కదలకపోతే మోటారు వేడెక్కి కాలిపోద్ది. బోరు పూర్తిగా ఎండిపోయినా, పైపు జాయింట్ దగ్గర లీకున్నా ఇది పనిచేయదనుకుంటా. డ్రై రన్ ప్రివెంటర్ (నీళ్లు లేకపోతే మోటారు ఆపేసేది) కూడా పెట్టించా, ఎందుకైనా మంచిదని.