లెక్క అడిగే ఎంపీని అంతరిక్ష పరిశోధనకు ఒప్పించడం ఎలా?

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల అంతరిక్ష పరిశోధనకు అండగా నిలవమనే అర్జీ పట్టుకుని ఎంపీల ఇళ్లకు నేను చాలాసార్లు వెళ్లాను. కాలేజీ పిల్లలు విడిగా పోయి పని చెడగొట్టుకొచ్చాక వాళ్ల వెంట మళ్లీ వెళ్లాల్సొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. చెడేది ప్రతిసారీ ఒకే చోట. అందుకే మిగతావి గబగబా చెప్పేసి అక్కడ ఆగుతాను.

కావలసినవి: ఒక తెల్ల కాగితం, మూడు నాలుగు అంకెలు, ముగ్గురు మనుషులు. ముగ్గురిలో ఒకరు సైన్సుతో సంబంధం లేనివాళ్లు ఉండాలి, రైతో ఆడిటరో. అర్జీ చేత్తో రాయాలి, ఒక పేజీ దాటకూడదు. శాలువా వద్దు, బొకే వద్దు, రంగుల ఫైలు అసలే వద్దు. ఒకసారి మా పిల్లలు రాకెట్ బొమ్మ వేయించిన నిగనిగలాడే ఫైలు తెచ్చారు. ఎంపీగారు లోపల ఒక్క ముక్క చదవలేదు. అట్టను బొటనవేలితో రుద్ది చూసి, "దీనికెంతయింది అబ్బయ్యా?" అన్నారు. ఆ పూట ఇంకేం చెప్పినా చెవికెక్కలేదు.

ఎప్పుడు వెళ్లాలంటే, ఫిబ్రవరిలో. ఒకటో తేదీ బడ్జెట్ పెట్టాక కొన్నాళ్లకు సభలకు విరామం ఇస్తారు. ఆ రోజుల్లో శాఖల పద్దుల్ని పార్లమెంటు స్థాయీ సంఘాలు పరిశీలిస్తాయి. అంతరిక్ష శాఖ పద్దు చూసేది శాస్త్ర సాంకేతిక, పర్యావరణ, అటవీ సంఘం. మీ ఎంపీ అందులో లేకపోయినా ఉన్నవాళ్లతో మాట్లాడగలరు. పొద్దున ఏడు లోపే వెళ్లండి. పది దాటితే బదిలీలు, పింఛన్ల కోసం వచ్చిన జనంతో వరండా నిండిపోతుంది.

కూర్చున్నాక మొదటి మాట అంకె కావాలి. 2025-26 కేంద్ర బడ్జెట్ 50,65,345 కోట్లు. అందులో అంతరిక్ష శాఖకు కేటాయించింది సుమారు 13,416 కోట్లు. అంటే నూటికి పావలా పైన ఒక్క పైసా. రాకెట్లు, ఉపగ్రహాలు అన్నీ ఆ పావలాలోనే. అంతరిక్ష శాస్త్రాలకని విడిగా ఒక పద్దు ఉంది, అది అందులో చిన్న పాయ. ఈ మాట చెప్పి ఊరుకోండి. "ఇంత తక్కువే కదా సార్" అని మీరు అనకూడదు. పొదుపు మనిషికి పైసా కూడా ఖర్చే, తక్కువో ఎక్కువో ఆయనే తేల్చుకోవాలి.

"శ్రీహరికోట మనదే కదా" అని కూడా అనొద్దు. 1971 అక్టోబర్‌లో అక్కడ తొలి రాకెట్ ఎగిరిన నాటి నుంచీ మనకు అది సొంతిల్లే, నాకూ ఆ అభిమానం ఉంది. కానీ సూళ్లూరుపేట ఉండేది తిరుపతి లోక్‌సభ స్థానంలో. 2022 విభజనలో జిల్లా కూడా తిరుపతే అయింది. నెల్లూరు ఎంపీకి అక్కడ ఒక్క ఓటు లేదు, ఆ సంగతి ఆయనకు మనకన్నా బాగా తెలుసు.

ఇక అసలు కష్టం. పావుగంటలోపు ఆయన ఒక ప్రశ్న వేస్తారు. మాటలు మారొచ్చు, ప్రశ్న మారదు: "చంద్రుడి మీది మట్టి తెస్తే కండలేరు కాలవ కింద నా రైతుకేంది?"

ఇక్కడ పదిమందిలో తొమ్మిది మంది తుఫాను మీదికి దూకుతారు. 1977 దివిసీమ ఉప్పెన, అప్పట్లో పోయిన వేల ప్రాణాలు, ఇప్పుడు ఉపగ్రహాలు ముందే పసిగట్టడం. అన్నీ నిజాలే. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ లెక్క తెలిసిన ఎంపీ వెంటనే అందుకుంటారు: "తుఫాను ఉపగ్రహాన్ని నేనెప్పుడు కాదన్నాను? ఇన్సాట్-3డీఎస్‌కు డబ్బిచ్చింది భూవిజ్ఞాన శాఖ. నేనడిగింది చంద్రుడి సంగతి." అంతే, మీరు ఒక పద్దు చూపించి ఇంకో పద్దుకు డబ్బడిగిన మనిషైపోతారు. పద్దులు కలిపేసినవాణ్ణి ఆయన మళ్లీ నమ్మరు.

చెప్పాల్సింది ఒకటే: "ఈ ఏడు మీ రైతుకు ఏమీ రాదు సార్." చెప్పి ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. గదిలో ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది, పక్కనున్న కుర్రాడు ఏదో ఒకటి అనబోతాడు, మోకాలి మీద చెయ్యేసి ఆపండి. ఆ మౌనాన్ని భరించలేకే జనం రాని లాభాలన్నీ వస్తాయని చెప్పేస్తారు. నిజం ఒప్పుకున్న మనిషి తర్వాతి మాటను ఆయన శ్రద్ధగా వింటారు. నేను చూసిన ప్రతిచోటా విన్నారు.

తర్వాతి మాట, ఇచ్చిన డబ్బును ఇస్రో వాళ్లు ఎలా వాడతారన్నది. చంద్రయాన్-2కు 978 కోట్లయింది. 2019 సెప్టెంబర్‌లో చంద్రుడి మీద దిగాల్సిన ల్యాండర్ కూలిపోయింది, ఆర్బిటర్ మాత్రం చంద్రుడి చుట్టూ తిరుగుతూనే ఉంది. చంద్రయాన్-3 దిగే చోటు ఎంచుకోవడానికి దాని ఫొటోలే పనికొచ్చాయి. పాతది పనిచేస్తోంది కాబట్టి కొత్త ఆర్బిటర్ కట్టలేదు, ఖర్చు 615 కోట్ల దగ్గర ఆగింది. మంగళయాన్ 450 కోట్లతో ఆరు నెలల పనికని పంపింది, ఎనిమిదేళ్లకు కాస్త తక్కువగా పనిచేసింది. కొన్న వస్తువును అరిగేదాకా వాడటం పొదుపు మనిషికి మహా ఇష్టం.

"సినిమా తీసే ఖర్చుకన్నా చవక" అనే మాట మాత్రం నోట రానివ్వకండి. అందరూ మెచ్చుకునే ఆ పోలికను ఒకాయన ముందు మావాళ్లు వాడితే, "అంత చవగ్గా చేసేవాళ్లు ఇంకొంచెం తగ్గించినా చేస్తారులే" అన్నారు.

అడిగేది కూడా "నిధులు పెంచండి" అని కాదు, "ఒప్పుకున్నదాన్ని మధ్యలో ఆపకండి" అని. 2024 సెప్టెంబర్‌లో చంద్రుడి మట్టి తెచ్చే చంద్రయాన్-4కు 2,104 కోట్లు, శుక్రుడి యాత్రకు 1,236 కోట్లు కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. శుక్రుడికి అనువైన దారి దాదాపు 19 నెలలకోసారి దొరుకుతుంది. ప్రయోగానికి 2028 మార్చి అనుకున్నారు. డబ్బు ఆలస్యమై ఆ నెల తప్పితే 19 నెలల జీతాలు, దుమ్ము చొరబడని గదుల కరెంటు బిల్లులు అదనంగా పడతాయి. ఒంగోలు ఎంపీ దగ్గరైతే వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు పేరు చెబితే చాలు. పని ఏళ్ల తరబడి సాగితే అంచనా ఎలా పెరుగుతుందో మార్కాపురం వాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎప్పటికైనా ఏమన్నా వస్తుందా అని ఆయనే అడిగితే, అప్పుడు గుంటూరు చెప్పండి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు నుంచి సూర్యుడి కాంతిని రంగులుగా విడదీసి పరిశీలించాడు. ఆ ఏటి పరిశీలనల్లోనే తెలిసిన ఏ మూలకానికీ సరిపడని పసుపు గీత బయటపడింది. అదే హీలియం. భూమ్మీద దాన్ని వేరుచేసింది 1895లో, 27 ఏళ్ల తర్వాత. ఇవాళ ఆస్పత్రిలో ఎమ్మారై స్కానింగ్ యంత్రాన్ని చల్లబరిచేది ద్రవ హీలియమే. అడక్కుండా మాత్రం ఈ కథ ఎత్తొద్దు, పాఠం చెప్పడానికి వచ్చారనుకుంటారు.

సంతకాల సేకరణ, పిల్లలతో పోస్టుకార్డులు అంటారు కొందరు. ఆ మూటలు విప్పకుండా అటక మీద పడి ఉండటం నేను కళ్లారా చూశాను. ఒక్క పని అడగండి: పార్లమెంటులో ఒక ప్రశ్న. శుక్ర యాత్రకు ఇప్పటిదాకా ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, గడువుకు పూర్తవుతుందా అని మీరే రాసి ఇవ్వండి. పొదుపు మనిషికి లెక్క అడగడం ఇబ్బంది కాదు. జవాబు రాగానే దాని నకలు తీసుకుని, విడుదలైన మొత్తం కింద పెన్సిల్‌తో గీత గీసి, మళ్లీ ఏడు లోపే వాళ్లింటికి వెళ్లండి.