చలికాలానికి ముందు: మెదడు రక్తనాళం చిట్లే ప్రమాదంపై జాగ్రత్తలు

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ కొండల్లో చలి ముదిరితే రక్తపోటు పెరుగుతుంది. మెదడు ధమని గోడ పలచబడి ఉబ్బిన చోటును అన్యూరిజం అంటారు. అది చిట్లి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఈ కాలంలో కొంత ఎక్కువ. అందుచేత బీపీ ఉన్నవారు ఇప్పుడే కొలత చూపించుకుని, మాత్రలు మధ్యలో ఆపకుండా వాడాలి. బీడీ, చుట్ట, మన వైపు ఆడవాళ్లు కాల్చే అడ్డపొగ (నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) మానడం కూడా అంతే ముఖ్యం. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఇద్దరికి ఈ జబ్బు వచ్చి ఉంటే న్యూరో వైద్యుడిని ముందుగానే కలవాలి.

క్షణాల్లో తారస్థాయికి చేరే, మునుపెన్నడూ ఎరుగని తలనొప్పి దీని ప్రధాన లక్షణం. వాంతులు, మెడ బిగుసుకోవడం, స్పృహ తప్పడం, ఒక కనురెప్ప వాలిపోవడం తోడు కావచ్చు. పైత్యమనుకుని, గాలి సోకిందనుకుని తెల్లవారేదాకా ఆగకండి. నొప్పి తగ్గినా ఆగకండి. చిట్లిన చోటు మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే అత్యధికం, రెండోసారి చిట్లితే ప్రాణం దక్కడం చాలా కష్టం. ఆస్పిరిన్ ఇవ్వకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. మొదటి 6 గంటల్లో తీసిన స్కాన్‌లో రక్తం దాదాపు తప్పక కనిపిస్తుంది. ఆలస్యమైతే కనిపించకపోవచ్చు, అప్పుడు నడుము దగ్గర వెన్ను నీరు తీసి పరీక్షిస్తారు. ఆ సూదికి భయపడి వద్దనవద్దు.

పర్లాకిమిడి, గుణుపురం వారు బరంపురం వెళ్లాలా, విశాఖ వెళ్లాలా అన్నది ఆ రాత్రి తేల్చుకునే విషయం కాదు. రాత్రివేళ న్యూరోసర్జన్, యాంజియోగ్రామ్ (మందు ఎక్కించి మెదడు రక్తనాళాలను చూసే పరీక్ష) ఎక్కడ దొరుకుతాయో, మీ ఒడిశా ఆరోగ్య కార్డు ఆంధ్రలోని ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. స్కాన్ ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి.

అన్యూరిజంలో అరుదైన రకాల దగ్గర మరింత మెలకువ అవసరం. రుమాటిక్ జ్వరంతో గుండె కవాటాలు దెబ్బతిన్నవారికి రోజుల తరబడి జ్వరం వదలకపోతే, కవాటం మీది ఇన్ఫెక్షన్ ముక్కలు మెదడు ధమనిలో చిక్కుకుని అక్కడి గోడను తినేయవచ్చు; దీనికి వారాల తరబడి యాంటీబయాటిక్స్, కొందరికి శస్త్రచికిత్స కావాలి. మెడ గుండా మెదడుకు రక్తం చేర్చే కరోటిడ్ ధమని మీద చిన్న పొక్కులా లేచే రకం మొదటి యాంజియోగ్రామ్‌లో కనిపించకపోవచ్చు. ఏమీ లేదన్నారు కదా అని డిశ్చార్జి కోరవద్దు. వైద్యులు వారం, రెండు వారాల తర్వాత మళ్లీ చేస్తామంటే ఒప్పుకోండి. మామూలు ఉబ్బుకు మొదట్లో ఉండే సన్నని భాగం, అంటే మెడ, ఆ పొక్కుకు ఉండదు, గోడ మరీ పలచన. శస్త్రచికిత్సలో ఉబ్బును మూసే క్లిప్ పెట్టేటప్పుడే చిరగవచ్చు కనుక కొన్నిసార్లు స్టెంటో, బైపాసో ఎంచుకుంటారు.

శస్త్రచికిత్స బాగా జరిగినా, రక్తస్రావమైన నాటి నుంచి 4వ రోజు మొదలు 14వ రోజు వరకు ధమనులు ముడుచుకునే ప్రమాదం ఉంటుంది. దానివల్ల కలిగే హాని తగ్గించడానికి నిమోడిపిన్ మాత్రను సాధారణంగా 21 రోజులు, రాత్రుళ్లు కూడా నాలుగేసి గంటలకు ఒకసారి ఇస్తారు. అది ఊళ్లో మందుల దుకాణంలో దొరకకపోవచ్చు కనుక, మిగిలిన రోజులకు సరిపడా తీసుకున్నాకే ఆసుపత్రి నుంచి బయలుదేరండి.