రాజమండ్రిలో దామెర్ల బొమ్మలు చూడాలంటే

అమలాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు పొద్దున్నే బస్సెక్కి, ఎండ ముదరకముందే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి చేరండి. తెరిచే వేళలు, సెలవు రోజు, కొత్త ప్రదర్శన ఏదైనా ఉందా అన్నవి ముందే ఫోన్ చేసి కనుక్కుంటే టెన్షన్ ఉండదు.

1897లో పుట్టి, బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకుని, 1925లో మశూచితో పోయిన చిత్రకారుడు దామెర్ల, ముప్పై ఏళ్లు కూడా నిండలేదు! రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయన చేతిలోని ప్రతిభ గుర్తుపట్టి ప్రోత్సహించాడు. ఈ సంగతి తెలిసి లోపలికెళ్తే చూపే మారిపోతుంది.

అన్నీ ఒకేసారి చూసెయ్యాలని పరుగెత్తకండి. నాలుగైదు బొమ్మలు ఎంచుకోండి, ‘సిద్ధార్థ రాగోదయం’ మాత్రం వదలొద్దు. మొదట దూరంగా నిలబడి మొత్తం చూసి, తర్వాత దగ్గరికెళ్లి చీర అంచు, వేళ్ల వంపు, పలచటి రంగు కింద నుంచి కాగితం వెలుగు ఎలా వస్తోందో గమనించండి. నీటిరంగులు వెలుతురుకి వెలిసిపోతాయి కాబట్టి ఫ్లాష్ అసలు వద్దు, ఫొటోకి అనుమతి అడగండి. పిల్లలుంటే పెన్సిలూ పుస్తకమూ ఇవ్వండి, గీస్తే బాగా చూస్తారు.

టైముంటే రాళ్లబండి సుబ్బారావు పురావస్తు మ్యూజియం కూడా ఊళ్లోనే ఉంది.