యుద్ధ సేవా పతకాల సేకరణ: అంచు మీది అక్షరాలతో మొదలుపెట్టండి

యుద్ధ పతకాలు సేకరించాలనుకునేవారి చూపు ముందుగా శౌర్య పతకాల మీదే పడుతుంది. అవి అరుదైనవి, ఖరీదైనవి; అనుభవం లేనివారు మోసపోయే అవకాశమూ వాటితోనే ఎక్కువ. కొత్తవారు మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి బ్రిటన్ ఇచ్చిన సేవా పతకాలతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. అవి లక్షల సంఖ్యలో తయారయ్యాయి కనుక ఇప్పటికీ సులభంగానే దొరుకుతాయి. అంతకన్నా ముఖ్యంగా, వాటి మీద అందుకున్న వ్యక్తి పేరు, హోదా, సాధారణంగా రెజిమెంటు, సిపాయి అయితే సర్వీసు నంబరు ఉంటాయి. పేరుంటే మనిషిని వెతకవచ్చు, మనిషి దొరికితే అతడు చూసిన యుద్ధం తెలుస్తుంది.

ముందుగా ఏ పతకం దేనితో కలిసి వస్తుందో తెలుసుకోవాలి. 1914 ఆగస్టు 5 నుంచి నవంబరు 22 అర్ధరాత్రి లోపు ఫ్రాన్సు, బెల్జియంలలో పనిచేసినవారికి 1914 స్టార్ అనే నక్షత్రాకారపు పతకం, దానికి అర్హత లేకున్నా 1915 చివరిలోగా ఏదో ఒక రణరంగంలో అడుగుపెట్టినవారికి 1914-15 స్టార్ ఇచ్చారు. ఈ రెండూ ఒకే వ్యక్తికి రావు. స్టార్ పొందినవారికి వెండి బ్రిటిష్ వార్ మెడల్, కంచు విక్టరీ మెడల్ కూడా దక్కాయి కనుక, స్టార్ ఒంటరిగా కనిపిస్తే మిగతా రెండూ ఎక్కడో విడిపోయాయని అర్థం. 1980 ప్రాంతంలో వెండి ధర ఆకాశాన్ని అంటినప్పుడు వార్ మెడల్స్ ఎన్నో కరిగిపోయాయి. ఒంటరి విక్టరీ మెడల్స్ ఇంత తరచుగా కనిపించడానికి అదొక కారణం. ఇదే వార్ మెడల్‌ను చైనా, మాల్టా, భారతదేశాల నుంచి వెళ్ళిన కూలీ దళాలవారికి కంచుతో చేసి ఇచ్చారు. తక్కువ లోహంతో చేసిన ఆ పతకాలే ఇప్పుడు సేకర్తలకు అరుదు.

పేరును వార్ మెడల్, విక్టరీ మెడల్‌లకు అంచు మీద, స్టార్‌కు వెనుకవైపు చూడాలి. మూడింటి మీదా హోదా ఒకటే కాకపోతే నకిలీ అని తొందరపడవద్దు. స్టార్ మీద సాధారణంగా రణరంగంలో అడుగుపెట్టేనాటి హోదా, మిగతా రెండింటి మీద తర్వాత అందుకున్న పై హోదా ఉంటాయి కనుక, ఆ తేడా పదోన్నతికి గుర్తు కావచ్చు. అనుమానించవలసింది అంచునే. పాత పేరును ఆకురాయితో అరగదీసి కొత్త పేరు వేస్తే అంచు కొద్దిగా పలచబడుతుంది. వార్ మెడల్ వ్యాసం 36 మిల్లీమీటర్లు. కాలిపర్ అనే కొలత పరికరంతో అంచు చుట్టూ నాలుగైదు చోట్ల వ్యాసం కొలిచి, అక్షరాల తీరును భూతద్దంతో మరో నిజమైన పతకంతో పోల్చి చూడాలి.

కొనేముందే పేరును రికార్డులలో వెతకడం మంచిది. లండన్‌లోని క్యూ (Kew) అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, ఎవరికి ఏ పతకాలు వచ్చాయో చూపే మెడల్ ఇండెక్స్ కార్డులు డబ్ల్యూఓ (వార్ ఆఫీస్, అంటే యుద్ధ శాఖ) 372 వరుసలో, మెడల్ రోల్స్ అనే పతక జాబితాలు డబ్ల్యూఓ 329లో ఉన్నాయి. కార్డులో తరచుగా రెజిమెంటు పేరే ఉంటుంది; రెజిమెంటులోని ఏ బెటాలియన్ (దళ విభాగం) అన్నది తెలియాలంటే చాలాసార్లు రోల్ చూడక తప్పదు. బెటాలియన్, రణరంగంలో ప్రవేశించిన తేదీ తెలిశాక, డబ్ల్యూఓ 95లోని యుద్ధ డైరీలలో ఆ దళం రోజువారీ కదలికలు చదువుకోవచ్చు. నాకు ఈ సేకరణలో అసలు రుచి అక్కడే తెలుస్తుంది. వ్యక్తిగత సర్వీసు ఫైళ్ళ మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 1940 సెప్టెంబరులో జరిగిన బాంబు దాడిలో సిపాయిల ఫైళ్ళు సగానికి పైగా కాలిపోయాయి. యుద్ధంలో మరణించినవారి వివరాలు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో ఉచితంగా దొరుకుతాయి.

రెండో ప్రపంచ యుద్ధపు స్టార్‌లను బ్రిటన్ పేరు లేకుండానే ఇచ్చింది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా తమవారి పతకాల మీద పేర్లు వేయించాయి. పేరు లేనిదాన్ని కొన్నప్పుడు అది ఫలానా వీరుడిదని అమ్మకందారు చెప్పే కథకు కాకుండా, వెంట వచ్చిన పెట్టె, ఉత్తరాలు, సర్వీసు పుస్తకం వంటి కాగితాలకు మాత్రమే విలువ కట్టాలి.

ఇంటికి తెచ్చిన పతకాన్ని పాలిష్ చేయకూడదు. మెరుపుతోపాటు అక్షరాల పదునూ పోతుంది. మాసినా, చిరిగినా పాత రిబ్బన్‌ను పారవేయవద్దు. పీవీసీ కవర్లు కాలక్రమంలో లోహాన్ని పాడుచేస్తాయి కనుక, ఆమ్లరహిత కాగితంలో చుట్టి పొడిచోట ఉంచాలి. ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నారో, వెంట ఏ పతకాలు ఉన్నాయో అదే రోజు రాసిపెట్టండి. విడిపోయిన స్టార్ ఏనాడైనా వేలంలో కనిపిస్తే, అది మీ దగ్గరున్న వార్ మెడల్, విక్టరీ మెడల్ జంటకు చెందినదని సర్వీసు నంబరుతో పోల్చి తేల్చుకోవడానికి ఆ చీటీయే పనికివస్తుంది.